భూసేకరణ పరిహారం: సర్కారు అప్పీలు లేటైతే బిల్లు ఎవరికి?

ఈ రోజు టాపిక్ భూసేకరణ. అయితే రేటు ఎంత ఇవ్వాలన్నది కాదు, కోర్టు రేటు పెంచాక ఏం జరుగుతుందన్నది.

ముందు ప్రాసెస్ చూద్దాం. ప్రభుత్వం భూమి తీసుకుని అవార్డు ఇస్తుంది. రేటు చాలదనుకుంటే రైతు రిఫరెన్స్ అడుగుతాడు. 1894 చట్టంలో అది సెక్షన్ 18, సివిల్ కోర్టుకి వెళ్తుంది. కోర్టు రేటు పెంచితే ప్రభుత్వం హైకోర్టుకి అప్పీలు వెళ్లొచ్చు. పాత చట్టం కేసుల్లో దానికి గడువు 90 రోజులు. 2013 చట్టం సెక్షన్ 74లో అయితే 60 రోజులు, సరైన కారణం ఉంటే ఇంకో 60 దాకా.

మరి గడువు దాటితే? లిమిటేషన్ యాక్ట్ సెక్షన్ 5 కింద డిలే పిటిషన్ వేస్తారు. "ఫైల్ కలెక్టరేట్ నుంచి సెక్రటేరియట్‌కి వెళ్లింది, లీగల్ ఒపీనియన్‌కి వెళ్లింది, తిరిగొచ్చింది" అని రాస్తారు. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేటప్పుడు ప్రతి టికెట్‌కీ ఒక ఓనర్ ఉండేవాడు. ఎవరి దగ్గర ఎన్ని రోజులు ఆగిందో స్క్రీన్ మీదే కనిపించేది. ఈ పిటిషన్లలో చాలాసార్లు ఆ ఓనరే కనిపించడు.

కోర్టులు ఏమన్నాయి? 1987లో అనంతనాగ్ కలెక్టర్ వర్సెస్ కాతిజీ కేసులో పరిహారం మీద అప్పీలు 4 రోజులు లేటు. ఉదారంగా చూడాలని సుప్రీంకోర్టు మన్నించింది. 1988లో రామేగౌడ కేసు, బెంగళూరు భూసేకరణది. ప్రభుత్వ ప్లీడర్ల తీరు వల్ల లేటైందని, ప్రజల డబ్బు పోకూడదని అక్కడా మన్నించింది. ఇందులో న్యాయం ఉంది, కాదనలేం.

కానీ ఆ ఉదారత అలవాటైపోయింది. 2012లో పోస్ట్‌మాస్టర్ జనరల్ కేసులో 427 రోజుల లేటుని కోర్టు ఒప్పుకోలేదు. 2020లో భేరూలాల్ కేసులో 663 రోజులు లేటైతే మధ్యప్రదేశ్ ప్రభుత్వానికి 25,000 రూపాయల ఖర్చులు వేసి, బాధ్యులైన అధికారుల నుంచి రాబట్టమంది. ఈ రెండూ భూసేకరణ కేసులు కావు, కానీ సూత్రం అదే.

రైతు లేటైతే? 2024లో మన ఆంధ్రా కేసే, తెలుగుగంగ ప్రాజెక్టుకి భూమి ఇచ్చినవాళ్ల వారసులది. 5,659 రోజుల లేటు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. సరే, గడువంటే గడువే. మరి అది రెండువైపులా ఉండాలి కదా?

ఇప్పుడు డబ్బు లెక్క. పెంచిన మొత్తం మీద, భూమి స్వాధీనం చేసుకున్న మొదటి ఏడాది 9 శాతం వడ్డీ, ఆ తర్వాత 15 శాతం. పెంపు 10 లక్షలు అనుకుంటే, రెండేళ్లు ఫైల్ కదలకపోతే 3 లక్షలు అదనం. అది మన పన్నుల డబ్బు. రైతేమో ఈలోగా బయట అప్పు తెచ్చుకుని బతకాలి. ఫైల్ ఆపినవాళ్ల జేబుకి మాత్రం ఏమీ కాదు.

మీ ఇంట్లో ఇలాంటి కేసుంటే మూడు విషయాలు లాయర్‌గారిని అడగండి. ఒకటి, హైకోర్టులో కేవియట్ వేయొచ్చా? అది 90 రోజులు పనిచేస్తుంది, మీ మాట వినకుండా స్టే రాకుండా చూస్తుంది. రెండు, ఈపీ వేశారా? అప్పీలు వేసినంత మాత్రాన డబ్బు ఇవ్వడం ఆగిపోదు, స్టే ఉండాలి. మూడు, డిలే పిటిషన్‌కి కౌంటర్‌లో ఏ తేదీన ఫైల్ ఎవరి దగ్గర ఉందో అడిగారా?

మీ ఊరి భూసేకరణ కేసు ఏ స్టేజీలో ఉందో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండి.