హిజ్కియా కాలువ, ఎర్రగుడి బండ

అనంతపురం సీమలో నీళ్ల విలువ ఒకరు చెబితే తెలుసుకునేది కాదు. దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఇదొకటి. చెరువు మరువ పారిన సంవత్సరం ఏదో మన పెద్దలకు ఇప్పటికీ గుర్తుంటుంది. అలాంటి చోట బతికే మనం రాజుల రెండవ గ్రంథంలోని ఒక చిన్న మాటను ఊరికే చదివి దాటిపోలేం. హిజ్కియా రాజు కొలను, కాలువ తవ్వించి పట్టణంలోకి నీళ్లు రప్పించాడని అక్కడ ఉంది (2 రాజులు 20:20). ఎందుకు తవ్వించాడో దినవృత్తాంతాలు చెబుతాయి. అష్షూరు రాజు సన్హెరీబు దండెత్తి వస్తున్నాడు, ఊరి బయటి ఊటలు అతని సేనకు దొరకకూడదు (2 దినవృత్తాంతములు 32).

ఆ కాలువ ఈనాటికీ ఉంది. గీహోను ఊట దగ్గర మొదలై, కొండ కడుపులో వంకరలు తిరుగుతూ 533 మీటర్లు సాగి, సిలోయము దగ్గర బయటపడుతుంది. ఇంత పొడవుకూ కలిపి వాలు సుమారు ఒక అడుగే! పొలానికి కాలువ తీసిన రైతుకు ఆ పనితనం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

1880లో అక్కడి నీళ్లలో ఆడుకుంటున్న పిల్లల కంట గోడమీది రాత ఒకటి పడింది. పాత హెబ్రీ అక్షరాల్లో ఉన్న ఆ శాసనం ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. అది రాజుగారి గొప్పలు చెప్పదు, తవ్విన కూలీల సంగతి చెబుతుంది. రెండు జట్లు రెండు కొసల నుంచీ రాయి తొలుచుకుంటూ వచ్చాయట. మధ్యలో ఇంకా మూడు మూరల రాయి ఉండగా అవతలి మనిషి కేక ఇవతలివాళ్లకు వినిపించిందట. ఆఖరి దెబ్బలతో రాయి విడిపోయి నీళ్లు పారాయి. బావిలో దిగి బండ కొట్టిన మనవాళ్లకు ఆ కేక విలువ తెలుసు.

శాసనంలో హిజ్కియా పేరు లేదు. అయితే కాలువ గచ్చులో చిక్కుకుపోయిన మొక్కల అవశేషాలను పరీక్షించిన శాస్త్రవేత్తలు అది క్రీ.పూ. 700 ప్రాంతానిదని 2003లో ప్రకటించారు. కాలం గురించి కొంత వాదన ఉన్నా, హిజ్కియా రోజులకు అది సరిపోతుంది.

శత్రువు కూడా తన వైపు కథ రాయించుకున్నాడు. యూదాలో 46 పట్టణాలు పట్టుకున్నాననీ, హిజ్కియాను యెరూషలేములో పంజరంలోని పక్షిలా బంధించాననీ సన్హెరీబు మట్టి ఫలకాలపై చెక్కించాడు. యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం రాయించలేదు. కప్పం లెక్క మన తెలుగు బైబిలులో మణుగుల్లో ఉంటుంది. హెబ్రీ మూలం ప్రకారం అది 30 తలాంతుల బంగారం, 300 తలాంతుల వెండి. బంగారం విషయంలో సన్హెరీబు లెక్కా అదే. వెండి మాత్రం అతను 800 అంటాడు. ఈ తేడాను దాచనక్కర్లేదు. ఇద్దరు సాక్షులు అక్షరం పొల్లు పోకుండా ఒకటే చెబితే ఊరి పంచాయితీలో పెద్దలకే అనుమానం వస్తుంది.

రాయి సాక్ష్యం ఎలాంటిదో చూడాలంటే యెరూషలేము దాకా పోనక్కర్లేదు. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో, జిల్లా సరిహద్దు అవతల ఎర్రగుడి బండలున్నాయి. అశోకుని గురించి ఒకప్పుడు బౌద్ధ గ్రంథాలు, పురాణాల రాజవంశ పట్టికలే చెప్పేవి. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని చదివాకే శాసనాలు మాట్లాడటం మొదలుపెట్టాయి. 1915లో మస్కిలో దొరికిన శాసనంలో అశోకుడన్న పేరే కనబడింది. 1920ల చివర్లో భూగర్భ శాస్త్రవేత్త అను ఘోష్ ఎర్రగుడి శాసనాలను గుర్తించారు. అక్కడ ఒక శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, అచ్చం మడక దున్నినట్టు! మనుషుల కోసం, పశువుల కోసం బావులు తవ్వించానని రాజు చెప్పుకున్న మాట కూడా ఆ బండల మీద ఉంది. గ్రంథాల్లోని రాజు నిజంగా ఏలాడని బండ చెప్పింది. ఆయన బోధను పాటించాలా వద్దా అన్నది మాత్రం చదివినవాడికే వదిలేసింది.

మన యువకులు కాలేజీల్లో ఎదుర్కొనే ప్రశ్నలు చిన్నవి కావు. వారికి జవాబుగా సెల్‌ఫోన్లలో తిరిగే బొమ్మలు చూపించడం మంచిది కాదు. రాక్షసాకారపు అస్థిపంజరం ఫోటో ఒకటుంది. కొందరు దాన్ని ఘటోత్కచుడిదన్నారు, మనవాళ్లలో కొందరు నెఫీలులదన్నారు. 2002లో ఒక పోటీ కోసం కంప్యూటరులో తయారుచేసిన బొమ్మ అది. అబద్ధంతో నిలబెట్టిన విశ్వాసం ఆ పిల్లవాడు నిజం తెలుసుకున్న రోజునే కూలుతుంది. అన్ని తవ్వకాలూ మనకు అనుకూలంగా రాలేదు కూడా. 1950లలో యెరికోలో తవ్వకాలు జరిపిన కేథ్లీన్ కెన్యన్, యెహోషువ కాలానిదని చెప్పదగిన గోడలు తనకు దొరకలేదని తేల్చారు. ఇదీ మన పిల్లలు మన నోటనే వినాలి.

2004లో యెరూషలేములో మురుగునీటి గొట్టం పనులు చేస్తుండగా రాతి మెట్లు బయటపడ్డాయి. యేసు కాలపు సిలోయము కోనేరు అదేనని పురాతత్వ శాస్త్రవేత్తలు గుర్తించారు. హిజ్కియా కాలువ నీళ్లు చేరేది అటే. పుట్టుగుడ్డివాడు యేసు మాట విని వెళ్లి కళ్లు కడుక్కున్నదీ ఆ కోనేటిలోనే (యోహాను 9). అతనికి చూపు వచ్చిన సంగతి ఆ మెట్ల మీద ఎక్కడా రాసి లేదు. పరిసయ్యులు గుచ్చిగుచ్చి అడిగినప్పుడు అతడు తనకు జరిగినదొక్కటే చెప్పాడు. వాళ్లు అతణ్ణి బయటికి వెళ్లగొట్టారు. ఆ సంగతి విని యేసు అతణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు.