గింజను వదిలించే యంత్రం, దూదిని వదిలించుకునే తిప్పలు

దీపావళి దాటిందంటే ఆదిలాబాద్ మార్కెట్ యార్డు దారులన్నీ పత్తి బండ్లతో నిండిపోతాయి. తేమ 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర, 12 దాటితే ప్రభుత్వ కొనుగోలు సంస్థ సీసీఐ కొనదు. మీటరు చూపించే అంకె కోసం రైతులు గుండె చిక్కబట్టుకుని నిలబడతారు. అక్కడి నుంచి ఆ పత్తి జిన్నింగ్ మిల్లుకు చేరుతుంది. క్వింటాలు పత్తిలో దూది దాదాపు మూడో వంతు, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం గింజలే. ఈ రెండింటినీ విడదీసే యంత్రం కథంతా ఒకే చిక్కు చుట్టూ తిరుగుతుంది. గింజ నుంచి ఊడిన దూది యంత్రానికే పట్టుకుంటుంది. దాన్ని వదిలించేదెలా?

శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖద్దరు నూలు వడికే ఆడవాళ్లు పత్తిని ముందు వాలుగ చేప దవడతో దువ్వుతారు. దాని సన్నని పళ్ల మధ్య పోగులు చిక్కు వీడి, చెత్త రాలిపోతుంది. గింజ తీయడానికి చెక్క పలక మీద పత్తి పరిచి ఇనుప కడ్డీని దొర్లిస్తారు. ఇంకొన్ని చోట్ల పక్కపక్కన తిరిగే రెండు రోలర్ల మధ్య పత్తి పెడితే దూది అవతలికి పోయి గింజ ఇవతలే ఆగేది. పద్ధతి చక్కనిదే, కానీ నెమ్మది.

అమెరికాలో ఎలీ విట్నీ 1794లో పేటెంటు పొందిన యంత్రంలో తీగ పళ్లున్న డ్రమ్ము సందుల్లోంచి దూదిని లాగేది. సందు కంటే పెద్దదైన గింజ ఇవతల ఆగిపోయేది. అంతటితో సరిపోలేదు. పళ్లలో చిక్కిన దూదిని ఊడ్చడానికి ఆయన బ్రష్షులున్న రెండో డ్రమ్ము పెట్టాడు. అది లేకుంటే కాసేపటికే పళ్లు దూదితో మూసుకుపోయి ఆ యంత్రం ఆగిపోయేదే. దూది తీయడం తేలికయ్యేసరికి దక్షిణాది రాష్ట్రాల్లో పత్తి సాగు, దాంతో పాటే బానిసత్వం విపరీతంగా పెరిగాయి. పొడవు పోగుల పత్తికి ఇలాంటి పళ్లు పనికిరావు, పోగు తెగిపోతుంది. 1840లో ఫోన్స్ మెకార్తీ తోలు రోలరు, కత్తులతో పనిచేసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు.

మన మిల్లుల్లో తిరిగే డబుల్ రోలర్ జిన్ ఆ మెకార్తీ యంత్రం వారసురాలే. లోపలికి చూస్తే గాళ్లు చెక్కిన రెండు రోలర్లు ఎదురెదురుగా తిరుగుతుంటాయి. ప్రతి రోలరుకూ ఒక కత్తి గట్టిగా ఆనుకుని ఉంటుంది. రోలరు దూదిని పట్టి కత్తి కిందికి లాగుతుంది, మధ్యలో ఊగే మరో కత్తి గింజను కొట్టి విడదీస్తుంది. ఆ రోలర్లకు వాడుతూ వచ్చిన తోలు క్రోమియంతో పదును చేసినది. రోలరు అరిగినకొద్దీ ఆ దుమ్ము దూదిలోనూ, కూలీల ఊపిరిలోనూ చేరేది. ముంబయిలోని పత్తి పరిశోధన సంస్థ సిర్‌కాట్ క్రోమియం లేని, రబ్బరు పట్టించిన పత్తి గుడ్డ రోలర్లను రూపొందించింది. నిజంగా మెచ్చుకోవాల్సిన పని అది.

రోలర్లు తిరిగినంతసేపూ నూగు లేస్తూనే ఉంటుంది. మోటారు మీద, బేరింగుల చుట్టూ, గోడల అంచుల్లో, దూలాల మీద మంచులా పేరుకుంటుంది. పత్తిలో కలిసి వచ్చిన చిన్న రాయో, మేకో కత్తికి తగిలి నిప్పురవ్వ లేస్తే చాలు, ఆ నూగు అంటుకుంటుంది. అంతకన్నా భయపెట్టేది బేలు లోపలి నిప్పు. 170 కిలోల బేలులో రవ్వ ఇరుక్కుంటే, గాలి అందీ అందక రోజుల తరబడి రగులుతుంది. గోదాములో పేర్చాక గానీ బయటపడదు.

అమెరికాలో స్థిరపడిన తెలుగు ఇళ్లలో బట్టలారబెట్టే డ్రయరుదీ ఇదే కథ. తిరిగే బట్టల నుంచి ఊడిన పోగులు జాలీకి చిక్కుతాయి, కొన్ని తప్పించుకుని గొట్టంలో పేరుకుంటాయి. అక్కడి అగ్నిమాపక విభాగం 2008–2010 లెక్కల ప్రకారం ఏటా దాదాపు 2,900 ఇళ్లలో డ్రయర్ల వల్ల మంటలు లేచాయి. శుభ్రం చేయకపోవడమే వాటికి మొదటి కారణం. పత్తి గుడ్డలోంచి ఊడినా, జిన్నింగ్‌లో లేచినా అది సెల్యులోజే. పోగు సన్నం, చుట్టూ గాలి ఎక్కువ, కాబట్టి చటుక్కున అంటుకుంటుంది. డ్రయరు జాలీని ప్రతిసారీ తీసి దులపాలి, గొట్టాన్ని అప్పుడప్పుడూ విప్పి చూడాలి.

మళ్లీ జిన్నింగ్ మిల్లుల సంగతికి వస్తే, 2000లో మొదలైన ప్రభుత్వ పథకం టెక్నాలజీ మిషన్ ఆన్ కాటన్ తర్వాత చాలావాటిలో పత్తి మోసే తట్టలు పోయి, గాలితో పత్తిని లాగే గొట్టాలు వచ్చాయి. నూగు తగ్గింది, పోలేదు. ఇంకా చీపుర్లు పట్టుకునేది ఆడకూలీలే. కొంగు మూతికి చుట్టుకుని, జుట్టంతా తెల్లబడేలా ఊడుస్తారు. ఏళ్ల తరబడి పీల్చే పత్తి దుమ్ము బిసినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది. సెలవు తర్వాత పనికి వచ్చిన రోజు ఛాతీ బిగుసుకుపోవడం దాని గుర్తు. కొంగు ఆ సన్నని దుమ్మును ఆపలేదు, వాళ్లకు సరైన మాస్కు ఇచ్చి తీరాలి. నూగు తీసే పని కూడా కరెంటు ఆపి, రోలరు పూర్తిగా నిలిచాకే చేయించాలి. తిరుగుతున్న రోలరు దూదిని లాగినట్టే చీర కొంగునూ లాక్కుంటుంది. సీజన్‌లో మిల్లు రాత్రింబవళ్లు నడుస్తున్నప్పుడు ఆ కాసేపు ఆపడం యజమానికి నష్టంగా తోస్తుంది. కూలీలకు ఆ సమయానికీ కూలి కట్టి ఇస్తే, యంత్రం తిరుగుతుండగా ఎవరూ అందులో చేయి పెట్టరు.