స్టువర్టుపురం ఎత్తిన బరువు

రైలు బాపట్ల దాటిందంటే మా పెద్దమ్మ సీటు కిందున్న ట్రంకు పెట్టెను కాళ్ల దగ్గరకు లాక్కునేది. ఎవరో ఒకరు "స్టువర్టుపురం వస్తోంది, కిటికీలు వేసుకోండమ్మా" అనేవారు. మెడలో గొలుసులున్న ఆడవాళ్లు పైట సవరించుకునేవారు. చిన్న స్టేషను, ఆ వెనక తాటిచెట్లు, ఇళ్లు. బండి ఆగకుండా వెళ్లిపోయేది. ఆ ఊళ్లోనూ నా ఈడు పిల్లలుంటారని, మేం టపటపా మూసుకునే కిటికీలు వాళ్లకు కనబడతాయని నాకు అప్పట్లో తోచలేదు. తోచాల్సింది.

2018లో ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ 85 కిలోల విభాగం స్వర్ణం ఆ ఊరి కుర్రాడిదే. రాగాల వెంకట్ రాహుల్ స్నాచ్‌లో 151 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 187, మొత్తం 338 ఎత్తాడు. అంతకు నాలుగేళ్ల ముందే నాన్‌జింగ్ యూత్ ఒలింపిక్స్‌లో రజతం తెచ్చుకున్నాడు. తమ్ముడు వరుణ్ కూడా లిఫ్టరే. ఆ స్వర్ణం వార్త చదువుతూ నేను మళ్లీ ఆ రైలు పెట్టెలోకి వెళ్లిపోయాను. ఊరి పేరు చూడగానే ముందు నాకు గుర్తొచ్చింది కిటికీల చప్పుడే.

ఇంతకీ ఈ ఊరికి దొంగల ఊరన్న ముద్ర వేసిందెవరు?

ఈ ఊరు ఎరుకలవారిది. వారిలో ఉప్పు ఎరుకల అని ఒక తెగ ఉంది. ఎద్దుల మీద, గాడిదల మీద తీరం నుంచి ఉప్పు తీసుకెళ్లి, లోపలి ఊళ్లలో ధాన్యానికి మార్చుకొచ్చేవారు. దబ్బల ఎరుకలవారు వెదురు చీల్చి తట్టలు, బుట్టలు, చేటలు అల్లేవారు. వెదురును సన్నగా, సమంగా చీల్చడం చూసినవాళ్లకు తెలుస్తుంది, అది ఏళ్ల తరబడి చేతికి అబ్బే విద్య. రైలు వచ్చింది, ఉప్పు బస్తాలు రైలెక్కాయి. ఉప్పు మీద ప్రభుత్వం పట్టు బిగిసింది. 1876లో మొదలైన ధాత కరువు పశువుల్ని తినేసింది. బతుకుతెరువు పోయి తిరుగుతున్న మనుషుల్ని చూసి అప్పటి సర్కారు వీళ్ల పనేమైందని అడగలేదు, వీళ్లు దొంగలని రాసుకుంది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. రిజిస్టరులో పేరు, వేలిముద్రలు, వేళకు హాజరు. వాళ్లను ఉంచిన సెటిల్‌మెంటు దాటి వెళ్లాలంటే చీటీ కావాలి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడుల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది.

అలా ఎరుకల కుటుంబాలను తెచ్చి పెట్టడానికి 1910ల్లో రక్షణ సైన్యం (సాల్వేషన్ ఆర్మీ) వారు నడిపిన సెటిల్‌మెంటే స్టువర్టుపురం. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలిలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. బాగుచేస్తాం, పని నేర్పుతాం అన్నారు. చీరాలలో ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీ వచ్చాక సెటిల్‌మెంటు మనుషులు అక్కడ కూలీలయ్యారు. దీన్ని కూడా నైపుణ్యం నేర్పడమనే రాసుకున్నారు. నేనైతే అలా అనలేను. మానేసే వీల్లేని పని, హాజరు పుస్తకంలో వేలిముద్రతో మొదలయ్యే పని మనిషికి విద్య కాదు. అప్పటికే వెదురూ వ్యాపారమూ తెలిసిన చేతులవి. వాళ్లకు లేనిది పనితనం కాదు, నమ్మి పిలిచే మనిషి.

1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా పోయింది. కాగితం మీద విముక్త జాతులయ్యారు. పక్క ఊళ్లో ఇల్లు దోచారంటే మాత్రం జీపు ముందు ఇక్కడికే వచ్చేది. ఊరి పేరు చెబితే కొలువు దొరకని కుర్రాడు, చేయని దొంగతనానికి దెబ్బలు తిని వచ్చిన కుర్రాడు ఎటు పోతాడు? కొందరు దొంగతనాల్లోకి వెళ్లారు, నిజమే. దాన్ని దాచనక్కర్లేదు. ఊరంతటినీ ఆ కొందరితోనే లెక్కగట్టాం. 1991లో ఈ ఊరి పేరుతో రెండు సినిమాలు వచ్చాయి, ఒకదాని పేరు 'స్టువర్టుపురం పోలీస్‌స్టేషన్', ఇంకోదాని పేరు 'స్టువర్టుపురం దొంగలు'. ఆ రెండు పేర్ల మధ్య పెరిగిన పిల్లల్ని ఒక్కసారి తలుచుకోండి.

అంతకుముందే, 1970ల్లో ఇద్దరు మనుషులు ఆ ఊరి గడపలు తొక్కారు. ఒకరు నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు లవణం, వినోబా భూదాన పాదయాత్రలో ఆయనకు దుబాసీగా నడిచినవారు. రెండోవారు ఆయన భార్య హేమలత, మహాకవి జాషువా కూతురు. అంటరానితనం ఎలా ఉంటుందో పుట్టింట్లోనే తెలిసినావిడ. వాళ్లు ఇళ్లలో కూర్చుని మాట్లాడారు, దొంగతనం మానేస్తామన్న వాళ్లకు వేరే బతుకు చూపించమని ప్రభుత్వాన్ని అడిగారు, పిల్లల్ని బడికి పంపడం మీద పట్టుబట్టారు. వేలిముద్ర అడగకుండా ఆ ఊళ్లో అడుగుపెట్టడమే అప్పటికి పెద్ద విషయం. లవణం, హేమలత గార్ల గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క పాఠమైనా ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇక ఆ ఊరి పిల్లలు ఎత్తే ఇనుము సంగతి. వెయిట్‌లిఫ్టింగ్ అంటే కండబలం అనుకుంటాం. దగ్గర నుంచి చూస్తే అది వెదురు చీల్చడం లాంటి పనే. బారు మోకాళ్లకు రాసుకుంటూ పైకి రావాలి. అది పైకి లేస్తున్న క్షణంలోనే మనిషి దాని కిందికి దిగిపోవాలి. అర సెకను అటూ ఇటూ అయితే బరువు ముందుకో వెనక్కో పడుతుంది. దీనికోసం తెల్లారగట్ల లేవాలి, వేళకు తినాలి, రాత్రి త్వరగా పడుకోవాలి. సాయంత్రం ఎక్కడ తిరిగొచ్చావని ఇంట్లో అడిగే పనుండదు, కుర్రాడు జిమ్‌లోనే ఉంటాడు. పదిహేనేళ్ల పిల్లాడిని అడ్డదారి పట్టనివ్వనిది మందలింపు కాదు, రేపు పొద్దున ఎత్తాల్సిన రెండున్నర కిలోల అదనపు బరువు.

రాహుల్‌కు మరో అదృష్టం కలిసొచ్చింది, సికింద్రాబాద్ దగ్గరి హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లో చోటు దొరికింది. అలాంటి చోటు అందరికీ దొరకదు. ప్రతిభ ఊళ్లో పుడుతుంది కానీ దాన్ని పెంచాలంటే పాలు, గుడ్లు, మాంసం, వెన్ను చూసే డాక్టరు, దెబ్బ తగిలినప్పుడు ఆదుకునే డబ్బు కావాలి. రోజుకూలి ఇళ్లలో అది పెద్ద ఖర్చు. పతకం వచ్చిన రోజు శాలువా కప్పేవాళ్లు, పతకం రాకముందు పదేళ్ల తిండి ఖర్చు చూస్తే బాగుంటుంది. స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం రావడం మన లిఫ్టర్లందరి కల. ఉప్పు బేరాన్ని మింగిన రైలే ఇప్పుడు ఆ బేరగాళ్ల మనవళ్లకు అన్నం పెడితే అంతకన్నా ఏం కావాలి.

పురుషుల పోటీల్లో ఖాళీ బారు బరువు 20 కిలోలు. రెండు వైపులా బిగించే కాలర్లు కలిపి 5. ఆపైన 25 కిలోల ఎర్ర ప్లేట్లు మూడు జతలు, 5 కిలోలవి ఒక జత, కిలోవి ఒక జత ఎక్కిస్తే రాహుల్ ఎత్తిన 187. కొత్తగా వచ్చిన పిల్లలకు వీటిలో ఏదీ ఇవ్వరు. ముందు చేతికి ఒక కర్ర ఇస్తారు. నడుము నిటారుగా, మడమలు నేలకు ఆని, కర్ర తల మీదికి. మళ్లీ కిందికి. కుదిరేదాకా వారాల తరబడి అదే. కర్ర వణకడం ఆగిన రోజున బారు ముట్టుకోనిస్తారు.