వేడిచేసినంతనే దోషము పోదు
ఆహారము విషమగుటకు కారణములు, లక్షణములు

మిగిలిన కూరను మరల పొయ్యిమీద పెట్టి మరగించినచో ఇక భయము లేదని మనలో చాలమంది నమ్మకము. ఈ నమ్మకము సగము మాత్రమే నిజము. ఆహారములో చేరు దోషములలో కొన్ని వేడికి నశించును, కొన్ని నశింపవు. ఏది నశించునో, ఏది నశింపదో తెలిసికొనుట వంట చేయు ఇల్లాలికి ఎంత అవసరమో, ధాన్యము పండించి, పాలు, గ్రుడ్లు అమ్ము రైతునకు గూడ అంతే అవసరము. హైదరాబాదులో హిమాయత్‌నగర్ హోటళ్లలోను, ఇండ్లలోను వడ్డించు జొన్నరొట్టె, పెరుగు, కోడిగ్రుడ్డు మన పొలములనుండి, దొడ్లనుండి పోయినవే గదా!

వేడికి చచ్చు క్రిములు

సాల్మొనెల్లా అను సూక్ష్మక్రిమి కోళ్ల ప్రేగులలో నుండును. రెట్ట అంటిన గ్రుడ్డు పెంకునుండియు, ఒక్కొక్కప్పుడు గ్రుడ్డు లోపలినుండియు, పచ్చి మాంసమునుండియు ఇది ఆహారములో చేరును. తిన్న 6 గంటలు మొదలుకొని 6 దినముల లోపల జ్వరము, విరేచనములు, కడుపులో మెలిపెట్టినట్లు నొప్పి కలుగును.

బాగుగా ఉడికించినచో ఈ క్రిమి చచ్చును. ప్రమాదమంతయు ఉడికించక తినుటలోనే యున్నది. పచ్చి గ్రుడ్డుసొనతో చేయు మయోనైజును తెలంగాణ ప్రభుత్వము 2024 అక్టోబరు 30 నుండి ఒక సంవత్సరముపాటు నిషేధించుటకు ఇట్టి భయమే కారణము. ఇంటిలో మరియొక పొరపాటు జరుగుచుండును. పచ్చి మాంసము కోసిన కత్తిపీటను కడుగకయే దానితో ఉల్లిపాయలు తరుగుదురు. మాంసము ఉడుకును గాని, నంజుకొను ఉల్లిపాయ ఉడుకదు. క్రిమి ఆ దారిన కడుపులో చేరును.

క్రిమి చచ్చినను మిగులు విషము

కొన్ని క్రిములు మనము తినకముందే ఆహారములో పెరిగి, అందులో విషమును విడుచును. మరల కాచినచో క్రిమి చచ్చును గాని విషము అట్లే నిలుచును.

స్టెఫిలోకాకస్ అను క్రిమి మనుష్యుల ముక్కులోను, చీముపట్టిన పుండ్లలోను ఉండును. వ్రేలికి పుండున్నవారు కోవా, పాలమిఠాయి వంటివి చేతితో కలిపి, వాటిని ఎండవేళ బయట ఉంచినచో ఈ విషము తయారగును. తిన్న అరగంట మొదలు 8 గంటలలోపుననే ఉన్నట్టుండి వాంతులు పట్టుకొనును.

బాసిల్లస్ సీరియస్ అను మరియొక క్రిమి నేలలో నుండునది. బియ్యముతో వంటింటికి వచ్చును. దాని బీజములు అన్నము ఉడికినను చావవు. విందులలో గుండిగ నిండ వండిన అన్నమును మూతపెట్టి గంటలకొలది ఉంచినచో, మధ్యభాగము గోరువెచ్చగానే యుండి ఆ బీజములు మొలకెత్తి విషమును పుట్టించును. అది 121 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి గూడ నిలుచునట్టిది. రాత్రి అన్నమును ఉదయము తాళింపు పెట్టినంత మాత్రమున అది పోదు. మజ్జిగ పోసి పులియబెట్టు చద్దన్నము వేరు. ఆ పులుపు క్రిములను కొంతవరకు అరికట్టును.

గింజలోనే పుట్టు విషము

ఇది రైతు ప్రత్యేకముగా గమనింపవలసినది. 1995లో దక్కను పీఠభూమిలోని కొన్ని గ్రామములలో జొన్నరొట్టెలు, మొక్కజొన్నరొట్టెలు తిన్నవారికి కడుపునొప్పి, కడుపులో గుడగుడ, విరేచనములు పట్టుకొన్నవి. అకాలవర్షములకు తడిసి, బూజుపట్టిన గింజలే అందులకు మూలము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు పరిశీలింపగా 50 గ్రామములలో 27 గ్రామములందు ఈ వ్యాధి కానవచ్చినది. ఫ్యుజేరియం అను బూజు పుట్టించు ఫ్యుమోనిసిన్ అను విషము, వ్యాధి వచ్చిన ఇండ్ల జొన్నలలో కిలోకు 7.8 మిల్లీగ్రాముల వరకు, మొక్కజొన్నలలో 64.7 మిల్లీగ్రాముల వరకు ఉన్నది. వ్యాధి లేని ఇండ్ల గింజలలో అర మిల్లీగ్రామైనను లేదు. ఆ గింజలు తినుట మానినంతనే రోగులు కోలుకొనిరి, ఎవరును మరణింపలేదు.

రొట్టె కాల్చు వేడికి ఈ విషము పూర్తిగా నశింపదు. బూజు తుడిచి, గింజలు కడిగి, పిండి పట్టించినను దోషము మిగులును. కోడిపిల్లలకు ఆ గింజలు మేపి చూడగా వాటికి గూడ విరేచనములైనవి. కావున మనము తినరాని గింజ కోళ్లకు, పశువులకు గూడ పనికిరాదు.

పురుగుమందులు

2013 జూలై 16న బీహారు రాష్ట్రము సారణ్ జిల్లాలోని ఒక బడిలో మధ్యాహ్నభోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసినది. పొయ్యిమీద మరగినను ఆ విషము ప్రాణము తీయగలిగెను. పురుగుమందు డబ్బాను ఎంత కడిగినను నూనెకు గాని, నీళ్లకు గాని వాడరాదు. మందు పట్టించిన విత్తనము మిగిలినచో వంటకు వాడరాదు. నోటివెంట చొంగ, విపరీతమైన చెమట, చూపు మసకబారుట, కంటిపాప సూదిమొనంత చిన్నదగుట ఈ విషమునకు గుర్తులు. ఒక్క నిమిషమైనను ఆలస్యము చేయక 108 వాహనమును పిలువవలెను. మందు డబ్బాను గూడ వైద్యునకు చూపవలెను.

రోగికి చేయవలసినది

వాంతులు, విరేచనముల వలన శరీరములోని నీరు, లవణములు పోవుటయే ముఖ్యమైన అపాయము. ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరకనిచో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు (టీ చెంచాతో తలగొట్టి కొలిచినవి) కలిపి కొంచెము కొంచెముగా త్రాగించవలెను. విరేచనములో రక్తము పడినను, జ్వరము 102 డిగ్రీలు మించినను, త్రాగిన నీరు నిలువకున్నను, మూత్రము తగ్గినను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధుల విషయములో వేచియుండరాదు. ఏమి తినిరో, ఎన్ని గంటలకు బాధ మొదలయినదో వైద్యునకు చెప్పినచో కారణము త్వరగా తెలియును.

ముందుజాగ్రత్తలు

1. జొన్న, మొక్కజొన్న గింజలను తేమ 12 శాతమునకు మించకుండ ఎండబెట్టి నిలువచేయవలెను. తడిసిన కంకులను మంచి వాటితో కలుపరాదు.

2. వండిన పదార్థము 60 డిగ్రీలకు మించిన వేడిలోనైనను, 5 డిగ్రీలకు లోబడిన చల్లదనములోనైనను ఉండవలెను. ఈ రెంటి నడుమ క్రిములు వేగముగా పెరుగును.

3. మిగిలిన అన్నమును వెడల్పాటి పళ్లెములలో పలుచగా పరచి, త్వరగా చల్లార్చి, రెండు గంటలలోపున శీతలయంత్రములో పెట్టవలెను. అది లేనివారు ఏ పూటకు ఆ పూట వండుకొనుట మేలు.

4. చేతికి పుండున్నవారు వంటకు, వడ్డనకు పూనుకొనరాదు.

పొయ్యి మంచి పదార్థమును భోజనముగా మార్చును గాని, చెడిన దానిని మంచిదిగా మార్చలేదు. రైతు సోదరులు కళ్లమునందును, గృహిణులు వంటింటియందును ఈ ఒక్క విషయమును మరువకున్నచో, అనేక కుటుంబములు ఆసుపత్రి ముఖము చూడనక్కరలేదు.