బండి ఎత్తు పెంచితే పుంతలో దిగబడదా?

సార్వా కోతలకూ వానలకూ మన డెల్టాలో ఏటా పోటీయే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు కళ్లాల్లోని ధాన్యం ఒడ్డుకు చేర్చడానికి రైతులు ఎన్ని అగచాట్లు పడ్డారో మరిచిపోలేం. రామచంద్రపురం చుట్టుపక్కల నేలలు జిగురు నేలలు. నాలుగు చినుకులు పడితే చాలు, పుంత దారి రొంపి అవుతుంది. ట్రాక్టర్లు తిరిగి గాడులు పడతాయి. ఆ గాడుల్లో జీపో, పికప్ బండో దిగబడిందంటే పక్క చేలో ట్రాక్టరును బతిమాలుకోవాల్సిందే.

ఇలాంటప్పుడే 'కిట్ వేయించు, బండి నాలుగు అంగుళాలు లేస్తుంది' అనే సలహా వినిపిస్తుంది. మాట నిజమే, బండి లేస్తుంది. కానీ లేచేది ఏమిటో, మీరు దిగబడేది దేనివల్లో తెలుసుకున్నాకే జేబులో చెయ్యి పెట్టండి.

లేచేది తొట్టె, ఇరుసు కాదు

బండి కింద కూర్చుని ఒకసారి చూడండి. వెనక చక్రాల మధ్య ఇరుసు, దాని నడుమ గుండులాంటి డిఫరెన్షియల్ పెట్టె కనిపిస్తాయి. అన్నిటికన్నా కిందికి ఉండేది అదే. గాడి లోతుగా ఉంటే ముందుగా మట్టికి ఆనేది ఆ గుండే. అది ఆనిందంటే చక్రాలు వట్టినే తిరుగుతాయి, బండి కదలదు.

లిఫ్ట్ కిట్ కమాన్ కట్టల దగ్గర ఎత్తు పెంచుతుంది. అంటే ఛాసిస్, తొట్టె పైకి లేస్తాయి. ఇరుసు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇరుసు లేవాలంటే టైరు పెద్దది కావాలి. టైరు మొత్తం ఎత్తు రెండు అంగుళాలు పెరిగితే ఇరుసు ఒక అంగుళం లేస్తుంది. మన పెద్దల ఎడ్లబండికి కమాన్లు ఎక్కడివి? చక్రం పెద్దది కాబట్టే అది రొంపిలో సాగిపోయేది.

మరి కిట్లు ఎందుకు తయారు చేస్తున్నారు? పెద్ద టైరు మడ్‌గార్డుకు రాసుకోకుండా చోటు ఇవ్వడానికి, రాళ్ల దారుల్లో చక్రం బాగా కిందికీ పైకీ ఆడడానికి. మనది రాళ్ల దారి కాదు, బురద దారి.

పద్ధతులు, వాటి లోపాలు

అదనపు పట్టీ: కమాన్ కట్టకు ఇంకో పట్టీ చేర్చడం. ఖర్చు తక్కువ. ఖాళీ బండి మాత్రం ఎగిరెగిరి పడుతుంది. పట్టీ పెరిగింది కదా అని బరువు పెంచకూడదు. ఇరుసు, బ్రేకులు, టైర్లు పాతవే.

దిమ్మె: ఇరుసుకూ కమానుకూ మధ్య ఇనుప దిమ్మె పెట్టి పొడవాటి యూ బోల్టులతో బిగిస్తారు. వెనక ఇరుసుకే ఇది పనికొస్తుంది. ముందు ఇరుసుకు వద్దు. దిమ్మె మీద దిమ్మె అసలే వద్దు.

పొడవాటి షాకిల్: రెండు అంగుళాలు పొడవు పెంచితే ఎత్తు పెరిగేది సుమారు ఒక అంగుళమే. ముందు వైపు వేస్తే స్టీరింగు కోణం మారి, బండి రోడ్డు మీద అటూ ఇటూ లాగుతుంది.

ఏ పద్ధతి అయినా షాకబ్జర్లు, బ్రేకు గొట్టాలు పొడవు చాలుతాయా అని చూడాలి. ప్రొపెల్లర్ షాఫ్టు వాలు పెరిగితే జాయింట్ క్రాసులు త్వరగా అరుగుతాయి. ఇవేవీ చెప్పకుండా 'గంటలో బిగించేస్తా' అనే మేస్త్రీకి బండి అప్పగించకండి.

కాలువ గట్టు మీద ముప్పు

అసలు భయం ఇక్కడ ఉంది. మన బండ్లు తిరిగేది కాలువ గట్ల మీద. ఎత్తు పెరిగిన కొద్దీ బండి తిరగబడడం తేలిక. ఒక లెక్క చూడండి. రెండు చక్రాల మధ్య దూరం 52 అంగుళాలు, ఖాళీ బండి బరువు కేంద్రం నేల నుంచి 30 అంగుళాలు అనుకుంటే, సుమారు 41 డిగ్రీలు ఒరిగేదాకా అది నిలుస్తుంది. ధాన్యం బస్తాలు వేశాక ఆ కేంద్రం 48 అంగుళాలకు లేస్తే 28 డిగ్రీలకే పడిపోతుంది. దానికి నాలుగు అంగుళాల కిట్ తోడైతే 27 డిగ్రీలకు లోపే. ఇది కదలని బండి లెక్క. మలుపులో, మెత్తటి గట్టు అంచున ఇంకా ముందే పడుతుంది. బండితోపాటు కాలువలో పడేది మనిషి కూడా.

చట్టం ఏమంటోంది?

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీ కంపెనీ ఇచ్చిన కొలతలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే తేల్చి చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే వీలుంది. ప్రమాదం జరిగితే బీమా దగ్గరా పేచీ వస్తుంది. కాబట్టి ఏ మార్పు అయినా ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో అడిగాకే.

ముందు ఇవి చేయండి

* ఖాళీ బండిని చదును నేల మీద నిలిపి, ప్రతి చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలవండి. కుడికీ ఎడమకూ తేడా ఉంటే కమాన్ కుంగినట్టే. విరిగిన పట్టీ, అరిగిన బుష్‌లు మార్పిస్తే పోయిన ఎత్తు చాలావరకు తిరిగి వస్తుంది.

* కంపెనీ చెప్పిన సైజులోనే లోతైన గుబ్బలున్న టైర్లు వెనక వేయించండి. నున్నటి టైరుతో ఎంత ఎత్తు బండి అయినా జారుతుంది.

* మోతాదు దాటించకండి. 750 కిలోలు మోసే బండికి 75 కిలోల బస్తాలు పదే. వానలో ఇంకా తగ్గించి, రెండు ట్రిప్పులు వేయండి.

* పుంత వెంట పొలాలున్న నలుగురూ కలిసి కోతలకు ముందే గాడుల్లో గ్రావెల్, ఇటుక ముక్కలు పోయించండి. నీరు పోవడానికి పక్కన చిన్న బోదె తీయండి.

* దారి మరీ పాడైతే చేలోంచి రోడ్డు దాకా ట్రాక్టరుతోనే లాగించి, అక్కడ పికప్‌లోకి ఎక్కించండి.

ఇవన్నీ చేశాక కూడా ఇరుసు మట్టికి ఆనుతుంటే అప్పుడు ఎత్తు సంగతి ఆలోచించవచ్చు. కిట్‌కు పెట్టే డబ్బు మీ వంతుగా గాడులు పూడ్చడానికి పెడితే, ఆ దారిన వెళ్లే బండ్లన్నీ ఒడ్డున పడతాయి.