పల్లె మాటకు పట్టాభిషేకం

చిట్యాల: మోటు మాటలని చదువుకున్నవారు పెదవి విరిచే పలుకులే 2023 మార్చిలో అమెరికాలో ఆస్కార్ బహుమతి అందుకున్నాయి. ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రంలోని ‘నాటు నాటు’ పాట రాసిన శ్రీ చంద్రబోస్ జయశంకర్ భూపాలపల్లి జిల్లా చిట్యాల మండలం చల్లగరిగె గ్రామానికి చెందినవారు కావడం ఈ ప్రాంతవాసులకు గర్వకారణం. భారతీయ చిత్రంలోని పాటకు ఈ బహుమతి దక్కడం అదే ప్రథమం.

ఇంజనీరింగు చదివిన చంద్రబోస్ 1995లో ‘తాజ్ మహల్’ చిత్రంతో సినీ రంగంలో అడుగుపెట్టారు. సినిమా కవికి పాట ఊరకే తట్టదు. దర్శకుడు కథ చెప్పి, సందర్భం చెప్పి, పాట పాడే పాత్ర ఎవరో చెబుతాడు. ఆ కొలతకు మాట కుదరాలి, బాణీలో ఒదగాలి.

‘నాటు నాటు’కు దర్శకుడు రాజమౌళి ఇచ్చిన సందర్భం ఇది. 1920 ప్రాంతం. తెల్లదొరల విందు. నీకు నాట్యం ఏం తెలుసని ఒక దొర మనవాణ్ణి అందరి ముందు అవమానిస్తాడు. మిత్రులిద్దరూ ఆటతోనే జవాబు చెప్పాలి. ఒకరిది తెలంగాణ, మరొకరిది ఆంధ్ర. కనుక ఆ కాలపు మాటలే, ఆ ప్రాంతాల మాటలే పడాలి. ఇందుకు కవిగారికి అక్కరకొచ్చింది చిన్ననాటి ఊరు. పొలం గట్టు, పోట్లగిత్త, మర్రిచెట్టు నీడ, కిర్రుచెప్పులు, జొన్నరొట్టె, మిరప తొక్కు అన్నీ పాటలోకి నడిచి వచ్చాయి. కీరవాణి బాణీ కట్టారు.

తొంభై పాళ్లు పూట వ్యవధిలోనే వచ్చిందనీ, మిగిలిన పది పాళ్లకు 19 నెలలు పట్టిందనీ చంద్రబోసే పలుమార్లు చెప్పారు. పాటలు రాయబూనే యువకులు గమనించదగిన విషయమిది.

కథ మారితే మాటా మారుతుంది. 2021లో వచ్చిన ‘కొండపొలం’ కరువు కాలంలో గొర్రెలను నల్లమల అడవికి తోలుకుపోయే కాపరుల కథ. ఆ చిత్రంలోని పాటకు చంద్రబోస్ ఉత్తమ గేయ రచయితగా జాతీయ పురస్కారం పొందారు.

పాటలు రాస్తూ నోటు పుస్తకాలు నింపుతున్న యువకులు మన పల్లెల్లోనూ ఉన్నారు. వారిలో చాలామంది సినిమా పాటలు విని అటువంటి పాటలే రాస్తున్నారు. చంద్రబోస్ సినిమా కథ విని తన ఊరి వైపు చూశారు. తేడా అక్కడే ఉంది.

విచారించవలసిందేమంటే ఆ మాటలే మన ఇళ్లలో కనుమరుగవుతున్నాయి. ట్రాక్టర్లు వచ్చాక గిత్తలు తగ్గాయి. కిర్రుచెప్పులంటే ఏమిటని పిల్లలు అడుగుతున్నారు. పెద్దల నోట మిగిలిన మాటలను పిల్లలచేత రాయించి భద్రపరచే పనికి ఉపాధ్యాయులు పూనుకుంటే మంచిది. రేపు ఏ సినిమా కథ ఏ ఊరి మాట అడుగుతుందో ఎవరు చెప్పగలరు? అడిగిన నాడు ఇవ్వడానికి మన దగ్గర ఆ మాట ఉండాలి.