ఫోనులో టు లెట్ బోర్డు

సీతాఫల్‌మండి సికింద్రాబాదులో ఒక బస్తీ. పేరులోనే సీతాఫలం ఉంది. మండి అంటే సరుకు అమ్మే చోటు. ఇక్కడ గల్లీలు ఇరుకు. ఇళ్లు ఒకదానినొకటి ఆనుకుని ఉంటాయి. గేట్ల మీద అక్కడక్కడ ఒక చిన్న బోర్డు వేలాడుతుంది. దాని మీద రెండే మాటలు: "టు లెట్". అంటే ఇల్లు కిరాయికి ఇస్తామని అర్థం.

ఆ బోర్డును గల్లీలో నడిచేవాళ్లే చూస్తారు. శ్రీకాకుళంలో రైలెక్కే మనిషికి అది కనబడదు. ఆదిలాబాదులో బస్సెక్కే మనిషికీ కనబడదు. ఇప్పుడు అదే బోర్డును ఫోనులో పెడుతున్నారు. అప్పుడు ఎక్కడివాళ్లయినా చూడవచ్చు. మంచివాళ్లూ చూస్తారు. మోసగాళ్లూ చూస్తారు. అందుకే బోర్డు పెట్టేముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

ఇలాంటి ఒక ఇల్లు ఉందనుకోండి. కింద ఇంటివాళ్లు ఉంటారు. మేడ మీద ఒక గది, ఒక బాత్రూం ఉన్నాయి. కిరాయికి ఉన్న విద్యార్థి చదువు ముగించి వెళ్లిపోయాడు. గది ఖాళీ అయింది. ఆ ఇంటి ఇల్లాలికి ఒక ఆలోచన వచ్చింది. "నెల కిరాయికి ఎందుకు? రెండు రోజులు, మూడు రోజులు ఉండేవాళ్లకు ఇస్తే?"

ఎవరు వస్తారు?

సీతాఫల్‌మండి చూడటానికి సెలవుల్లో ఎవరూ రారు. ఇక్కడ సముద్రం లేదు, కొండలు లేవు. కాని ఈ చుట్టుపక్కలకు పని మీద వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు.

2003లో నగరంలో ఎం.ఎం.టి.ఎస్. లోకల్ రైళ్లు మొదలయ్యాయి. సీతాఫల్‌మండిలో ఆ రైలు ఆగుతుంది. ఒకవైపు తర్వాతి స్టేషను సికింద్రాబాదు. ఇంకోవైపు తర్వాతి స్టేషను ఆర్ట్స్ కాలేజి. అది 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీకి చెందిన కాలేజి. పరీక్షలు రాసే పిల్లలతో తల్లిదండ్రులు వస్తారు. ముషీరాబాదులోని గాంధీ ఆసుపత్రి కూడా దూరం కాదు. రోగికి తోడుగా వచ్చినవాళ్లకు స్నానం చేయడానికి, నడుం వాల్చడానికి చోటు కావాలి. ఆషాఢంలో లష్కర్ బోనాలు వస్తాయి. ఉజ్జయినీ మహాంకాళి గుడికి దూరం నుంచి కూడా జనం వస్తారు.

కాబట్టి మొదటి ప్రశ్న "గది ఎట్లుంది?" అని కాదు. "ఈ గది ఎవరికి అవసరం?" అని. అది తెలిస్తే బోర్డు మీద ఏం రాయాలో తెలుస్తుంది.

మూడు పరుపులతో మొదలైన వ్యాపారం

ఈ పద్ధతి ఎక్కడ మొదలైంది? ఇల్లు, గది రోజుల లెక్కన ఇవ్వడం పాత పనే. పుణ్యక్షేత్రాల్లో ఎప్పటినుంచో ఉంది. దాన్ని కంప్యూటర్‌లోకి తెచ్చి బాగా పేరు పొందిన కంపెనీ ఎయిర్‌బిఎన్‌బి.

2007లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇద్దరు యువకులు ఉండేవాళ్లు. వాళ్లకు ఇంటి అద్దె కట్టడం కష్టమైంది. అప్పుడే ఊళ్లో ఒక పెద్ద సమావేశం జరిగింది. హోటళ్లు నిండిపోయాయి. వాళ్లు తమ ఇంట్లో గాలి నింపే పరుపులు మూడు వేశారు. పొద్దున టిఫిన్ పెడతామన్నారు. కంప్యూటర్‌లో ప్రకటన పెట్టారు. ముగ్గురు అతిథులు వచ్చారు. 2008లో అదే కంపెనీ అయింది.

మొదట్లో ఆ వ్యాపారం సాగలేదు. కారణం వెతికారు. ఇళ్లు మంచివే, ఫోటోలు మాత్రం చీకటిగా ఉన్నాయని తేలింది. 2009లో వాళ్లే న్యూయార్కు వెళ్లి, ఇంటింటికీ తిరిగి ఫోటోలు తీశారు. అప్పుడు బేరాలు పెరిగాయి. మంచి ఫోటోకు అంత విలువ ఉంది.

ముందు లెక్క వేసుకోవాలి

"రోజుకు 900 వస్తే నెలకు 27,000!" అని ఇంట్లో ఎవరో అంటారు. అది తప్పు లెక్క. గది రోజూ నిండదు.

ఆ ఇల్లాలు పలక తీసుకుని ఇలా లెక్క వేసింది అనుకోండి. ఈ అంకెలు లెక్క నేర్చుకోవడానికి మాత్రమే. ఎవరి ఇంటి ఖర్చు వాళ్లు చూసుకోవాలి.

ఒక రోజు కిరాయి: 900 రూపాయలు
కంపెనీ పట్టుకునే కమీషన్: 135
కరెంటు, నీళ్లు: 90
దుప్పట్లు, గలీబులు ఉతుకు: 75
సబ్బు, ఫినాయిల్, టీ: 50
మొత్తం ఖర్చు: 350
మిగిలేది: 550 రూపాయలు

అదే గదిని నెల కిరాయికి ఇస్తే 5,000 వస్తుందనుకోండి. నెలలో 6 రోజులే అతిథులు ఉంటే మిగిలేది 3,300. అంటే 1,700 నష్టం. 10 రోజులు ఉంటే 5,500. అప్పుడు 500 ఎక్కువ. ఆ 500 కోసం చాకిరీ ఎంత? దుప్పట్లు మార్చాలి, గది తుడవాలి, రాత్రిపూట కూడా తాళం తీయాలి. ఇవన్నీ చేసేది ఎవరు? ఇల్లాలే. ఆమె కష్టానికీ విలువ కట్టాలి. అప్పుడే నిజమైన లెక్క తేలుతుంది.

కష్టం ఆమెది అయినప్పుడు, పైసలు పడే బ్యాంకు ఖాతా కూడా ఆమె పేరున ఉండటం న్యాయం.

బోర్డు మీద ఏం రాయాలి?

కొందరు ఇలా రాస్తారు: "అద్భుతమైన గది. అన్ని సౌకర్యాలు. వెంటనే రండి." ఇందులో సంగతి ఏమీ లేదు. ఇంకోలా రాస్తే ఎట్లుంటుందో చూడండి:

"సీతాఫల్‌మండిలో మేడ మీద ఒక గది. ఇద్దరికి సరిపోతుంది. రెండు మంచాలు, ఫ్యాను, విడిగా బాత్రూం. వేడినీళ్లు ఉన్నాయి. మెట్లు ఎక్కాలి, లిఫ్టు లేదు. లోకల్ రైలు స్టేషను దగ్గర. కారు పెట్టడానికి చోటు లేదు. రైళ్ల చప్పుడు వినిపిస్తుంది. కింద ఇంటివాళ్లు ఉంటారు. రోజుకు 900 రూపాయలు."

ఇందులో లోపాలు కూడా ఉన్నాయి. లోపం చెబితే బేరం పోతుందా? కొంత పోవచ్చు. కాని మోకాళ్ల నొప్పులున్న ముసలామె వచ్చి, మెట్లు చూసి తిరిగి వెళ్లడం కంటే అది మేలు. వచ్చి వెళ్లినవాళ్లు తమ అభిప్రాయం రాస్తారు. చుక్కలు వేస్తారు. తర్వాత వచ్చేవాళ్లు ముందు అవే చదువుతారు. ఒక్క అబద్ధం పది బేరాలు చెడగొడుతుంది.

ఫోటోలు పగటిపూట తీయాలి. కిటికీలు తెరవాలి. మంచం మీద ఉతికిన దుప్పటి పరచాలి. బాత్రూం ఫోటో తప్పకుండా పెట్టాలి. ఆడవాళ్లు ముందు చూసేది అదే. ఫోటోలో ఇంటి పిల్లలు, బీరువా, నగలు కనబడకూడదు. ఇంటి నంబరు అందరికీ చూపించకూడదు. గది ఖాయం చేసుకున్నవాళ్లకే పూర్తి చిరునామా ఇవ్వాలి.

ఇల్లు చూడకుండానే ఒప్పుకున్న మనిషి

బోర్డు పెట్టిన మర్నాడే ఒక ఫోను వస్తుంది. "అక్కా, నేను మిలిటరీలో పని చేస్తున్నా. నాకు సికింద్రాబాదు బదిలీ అయింది. ఫోటోలు చూసిన. గది నచ్చింది. అడ్వాన్సు ఇప్పుడే పంపుతా."

సికింద్రాబాదులో 1806 నుంచి కంటోన్మెంటు ఉంది. మిలిటరీవాళ్లు ఇక్కడ కొత్త కాదు. కాబట్టి నమ్మాలనిపిస్తుంది. అతను మిలిటరీ గుర్తింపు కార్డు ఫోటో కూడా పంపుతాడు. కిరాయి తగ్గించమని అడగడు. ఇల్లు చూస్తానని అనడు.

తర్వాత అసలు మాట వస్తుంది. "మా ఆఫీసు పద్ధతి వేరక్కా. నేనొక గడుల బొమ్మ పంపుతా. దాన్ని స్కాన్ చేసి పిన్ కొట్టు. పైసలు నీ ఖాతాలో పడతాయి."

ఇదే మోసం. హైదరాబాదులోనూ ఇతర నగరాల్లోనూ ఇల్లు అద్దెకు పెట్టినవాళ్లు ఎందరో ఇలా పైసలు పోగొట్టుకున్నారు. పోలీసులు ఎన్నోసార్లు హెచ్చరించారు. ఆ కార్డు ఫోటో దొంగది. ఫోను చేసినవాడు మిలిటరీ మనిషి కాడు.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. ఫోను నుంచి ఫోనుకు పైసలు పంపే యు.పి.ఐ. పద్ధతి మన దేశంలో 2016లో వచ్చింది. అందులో పిన్ అంటే మన పెట్టె తాళంచెవి లాంటిది. పెట్టెలోంచి పైసలు తీయడానికి తాళంచెవి కావాలి. ఎవరో మనకు పైసలు ఇవ్వడానికి మన తాళంచెవి ఎందుకు? పైసలు రావడానికి పిన్ కొట్టాల్సిన పనే లేదు. గడుల బొమ్మ స్కాన్ చేయాల్సిన పనీ లేదు. పిన్ అడిగారంటే పైసలు పోతున్నాయని అర్థం.

అక్కడే ఆ ఇల్లాలి చదువు అక్కరకు వస్తుంది. ఇంట్లో కొడుకు తొందర పెడతాడు. "అమ్మా, తొందరగా కొట్టు, అడ్వాన్సు పోతది." ఆమె ఆగి, ఫోనులో ఉన్న అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. చాలా యాప్‌లు తెలుగులో కూడా ఉన్నాయి. "చెల్లించండి" అని ఉంది. కింద అంకె ఉంది: 5,000. "చెల్లించుడంటే మనం ఇచ్చుడు గద బిడ్డా! వాడు ఇస్తనన్నడు గద?" అని ఆమె అడుగుతుంది. ఫోను పక్కన పెడుతుంది. ఒక్క మాట చదివినందుకు 5,000 మిగిలాయి.

ఒకవేళ పైసలు పోతే సిగ్గుపడి దాచుకోకూడదు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. అది సైబర్ మోసాల మీద ఫిర్యాదు తీసుకునే నంబరు. ఎంత త్వరగా చేస్తే, ఆ పైసలు దొంగ చేతికి చేరకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. బ్యాంకుకు కూడా చెప్పాలి.

ఎయిర్‌బిఎన్‌బి లాంటి కంపెనీల ద్వారా గది ఇస్తే పద్ధతి వేరు. అతిథి పైసలు ముందు కంపెనీకి కడతాడు. అతను గదిలో దిగాక, సుమారు ఒక రోజుకు కంపెనీ తన కమీషన్ పట్టుకుని మిగతాది ఇంటివాళ్లకు పంపుతుంది. "కంపెనీ వద్దు, కమీషన్ మిగులుతుంది, నాకు నేరుగా ఇవ్వండి" అని ఎవరైనా అంటే జాగ్రత్త పడాలి.

వచ్చేది ఎవరు?

గది ఇచ్చేముందు అతిథి గుర్తింపు కార్డు అడగాలి. కార్డులో ఫోటో, ఎదుట ఉన్న మనిషి ఒకరేనా అని చూడాలి. ఒక నోటు పుస్తకంలో పేరు, ఊరు, ఫోను నంబరు, వచ్చిన రోజు, వెళ్లిన రోజు రాసుకోవాలి. కార్డు నకళ్లు తీసుకుంటే భద్రంగా దాచాలి. ఇతరులకు ఇవ్వకూడదు. ఆధార్ విషయంలో చివరి నాలుగు అంకెలే కనబడే నకలు కూడా ఉంటుంది.

విదేశీయులు దిగితే 24 గంటల్లోగా ఆ సంగతి ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో తెలపాలి. అది చట్టం.

ఇంట్లో అతిథులను పెట్టుకునేవాళ్లకు కేంద్ర పర్యాటక శాఖ ఒక పథకం పెట్టింది. ఇంటివాళ్లు అదే ఇంట్లో ఉండాలన్నది అందులో ముఖ్యమైన నియమం. అనుమతులు, ఇంటి పన్ను, కరెంటు బిల్లు సంగతి మునిసిపాలిటీలోనూ కరెంటు ఆఫీసులోనూ ముందే అడిగి తెలుసుకోవాలి. ఇల్లు కిరాయిది అయితే యజమానిని అడగకుండా ఇంకొకరికి ఇవ్వకూడదు. ఇరుగుపొరుగుకూ ఒక మాట చెప్పి ఉంచాలి. కొత్త మనిషి గల్లీలోకి వస్తే వాళ్లకు తెలియాలి.

ఎవరినైనా చూసి మనసు ఒప్పకపోతే "గది ఖాళీ లేదు" అనవచ్చు. ఆపదలో 112కు ఫోను చేయాలి.

గేటు మీది బోర్డుకూ ఫోనులోని బోర్డుకూ తేడా ఏమిటి? గేటు ముందు మనిషి ఎదురుగా నిలబడతాడు. ముఖం చూసి మాట్లాడవచ్చు. ఫోనులో ముఖం కనబడదు, అక్షరాలే కనబడతాయి. ఆ అక్షరాలను ఎవరో చదివి చెబితే, వాళ్లు చెప్పినట్టే నడవాలి. తానే చదువుకుంటే, తన గదికి, తన పైసలకు తానే కాపలా.

ఆలోచించండి, చర్చించండి

1. మీ బస్తీకి బయటి ఊళ్ల నుంచి ఎవరెవరు వస్తారు? ఎందుకు వస్తారు?
2. పై లెక్కలో నెలకు 8 రోజులు అతిథులు ఉంటే ఎంత మిగులుతుంది? 5,000 నెల కిరాయి కంటే ఎక్కువా, తక్కువా?
3. మీ ఇంట్లో ఒక గది గురించి ఐదు వాక్యాల ప్రకటన రాయండి. ఒక లోపం కూడా రాయండి.
4. "పైసలు పంపుతా, పిన్ కొట్టు" అని ఎవరైనా అంటే ఏం జవాబు చెబుతారు?
5. 1930 నంబరును గోడ మీద పెద్ద అంకెలతో రాసి పెట్టండి.